ట్రయల్స్ సైకిలుకి చవకలో సస్పెన్షన్ ఫోర్కు: ముందు టేపు, తర్వాతే పర్సు

ట్రయల్స్ అంటే కాలు నేల మీద పెట్టకుండా సైకిలుతో రాళ్లు, గోడల మీదికి గెంతే ఆట. ఆ సైకిలుకి సస్పెన్షన్ ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టుకుని స్ప్రింగు మీద కుంగి లేచే ఫోర్కు, అనగానే ఆ ఆటలో ముదిరినవాళ్లు పెదవి విరుస్తారు. అది పొగరు కాదు. పోటీల్లో 20 అంగుళాల బండైనా 26 అంగుళాల బండైనా ముందు ఉండేది కదలని గట్టి ఫోర్కే. నిలబడ్డ చోటు నుంచి గోడ మీదికి ఎగరాలంటే ముందుగా బండిని నేలకేసి నొక్కాలి, టైరు తిరిగి తన్నే క్షణంలో దాంతోపాటు లేవాలి. కింద స్ప్రింగు ఉంటే ఆ నొక్కుడులో కొంత ఫోర్కు మింగేస్తుంది, పైగా మీరు లేచాక తీరిగ్గా తిరిగిస్తుంది. ముందు బ్రేకు పట్టి ముందు చక్రం మీద నిలబడి తిరిగేటప్పుడు ఇంకా ఇబ్బంది. బరువంతా ముందుకు రాగానే ఫోర్కు కుంగుతుంది, బండి ముక్కు వాలుతుంది, అనుకున్న చోట ఆగదు.

మరి ఎవరికి కావాలి? ఒకే బండి మీద మెట్లు, అరుగులు, బండరాళ్లు, మట్టి దిబ్బలు, వారాంతంలో కాస్త అడవి దారి అన్నీ తొక్కాలనుకునేవాళ్లకి. ఇదేమీ కొత్త కోరిక కాదు. హాన్స్ రే, రయాన్ లీచ్ లాంటి పేరున్న రైడర్లు ట్రయల్స్ విద్యని సస్పెన్షన్ ఫోర్కు ఉన్న మౌంటెన్ బైకుల మీదికి ఎప్పుడో తీసుకెళ్లారు. ఇలాంటి బండిలో చూడాల్సినవి మూడు: పొట్టి ప్రయాణం (అంటే ఫోర్కు కుంగే దూరం తక్కువ), గట్టి స్ప్రింగు, లావు గొట్టాలు. మనలాంటి కొద్దిపాటి బడ్జెట్‌కీ సూత్రం అదే. డబ్బు ప్రయాణానికి పెట్టకండి, బిగుతుకు పెట్టండి. 120 మి.మీ. కుంగే చవక ఫోర్కు కన్నా 80 మి.మీ. కుంగే వంకర పోని ఫోర్కు ఎన్నో రెట్లు నయం.

పొడవు

ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు కాబట్టి ఇక్కడే ఎక్కువసేపు నిలబడదాం. ఫోర్కు కొనేముందు పాత ఫోర్కుని చక్రం ఇరుసు మధ్య నుంచి, రెండు కాళ్లూ పైన కలిసే క్రౌన్ మీద బేరింగు కూర్చునే అంచు దాకా, ఫోర్కు కాలి వెంట తిన్నగా టేపుతో కొలవండి. ఆ అంకె గోడ మీద రాసిపెట్టుకున్నా పర్వాలేదు. మిగతా ఎంపికలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

26 అంగుళాల చక్రానికి చేసిన మామూలు గట్టి ఫోర్కు 410 మి.మీ. దగ్గర ఉంటుంది. అసలు పోటీ ట్రయల్స్ ఫోర్కులు అంతకన్నా పొట్టివి. అదే చక్రానికి 100 మి.మీ. ప్రయాణం ఉన్న సస్పెన్షన్ ఫోర్కు 470 దాకా, 80 మి.మీ.ది 450 దాకా ఉంటుంది. మోడల్‌ని బట్టి ఐదు పది అటూ ఇటూ.

లెక్క సులువే. రెండు ఇరుసుల మధ్య దూరం 1000 మి.మీ. అనుకుందాం. ఫోర్కు 20 మి.మీ. పెరిగితే హెడ్ కోణం, అంటే ఫ్రేము మెడ నేలకి చేసే కోణం, ఒక డిగ్రీకి కాస్త ఎక్కువగా వాలుతుంది, పెడల్ ఇరుసు దాదాపు 7 మి.మీ. పైకి లేస్తుంది. ఇప్పుడు 410 ఫోర్కు తీసి 470ది పెట్టారు. మీ బరువుకు అది 10 మి.మీ. కుంగుతుంది. అంటే నికరంగా 50 మి.మీ. పెరిగింది. కోణం రెండున్నర డిగ్రీలు దాటి వాలుతుంది, పెడల్ ఇరుసు 17 మి.మీ. లేస్తుంది, హ్యాండిల్ పైకి, వెనక్కి వస్తుంది. నడక వేగంలో ముందు చక్రం తనంతట తానే పక్కకు ఒరుగుతుంటుంది. ట్రయల్స్‌లో నడక వేగమే ఎక్కువ కాబట్టి రోజంతా దాంతోనే కుస్తీ. వెనక చక్రం మీద గెంతేటప్పుడు ఏళ్లుగా చేతులకి అలవాటైన సమతూకం కూడా మారిపోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఫ్రేముది. ఫోర్కు పొడవైన కొద్దీ ఫ్రేము మెడ, అంటే హెడ్ ట్యూబు మీద పడే మీట బలం పెరుగుతుంది. పొట్టి ఫోర్కుకని చేసిన తేలిక అల్యూమినియం ఫ్రేములో మెడ నుంచి పెడల్స్ వైపు దిగే డౌన్ ట్యూబు, హెడ్ ట్యూబు కలిసే వెల్డింగు కింద సన్నని పగులు మొదలయ్యేది ఇలాగే. అందుకే అచ్చమైన పోటీ ట్రయల్స్ ఫ్రేము మీ దగ్గరుంటే దానికి సస్పెన్షన్ వేయకండి. చవకా ఖరీదా అన్న ప్రశ్నే లేదు. 80 లేదా 100 మి.మీ. ఫోర్కుకని గీసిన డర్ట్ జంప్ (మట్టి దిబ్బల మీద ఎగిరే రకం), స్ట్రీట్ హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని) ఫ్రేము ఉంటేనే ఈ కథ ముందుకు సాగుతుంది. ఫ్రేము తయారీదారు చెప్పిన పొడవుకి 20 మి.మీ. లోపు తేడా ఉంటే సర్దుకోవచ్చు, అంతకు మించితే వద్దు.

చక్రం సైజు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 26 అంగుళాలకి కొత్త ఫోర్కులు రానురాను తగ్గిపోతున్నాయి. 27.5 అంగుళాల ఫోర్కులో 26 చక్రం హాయిగా తిరుగుతుంది. చక్రాల వ్యాసార్థంలో తేడా 12.5 మి.మీ. మాత్రమే, కాకపోతే ఫోర్కు పొడవు 20 మి.మీ. దాకా పెరుగుతుంది. లోపలి స్పేసర్లు మార్చి 27.5 ఫోర్కుని 100 నుంచి 80కి దించితే పొడవు దాదాపు 26 అంగుళాల 100 మి.మీ. ఫోర్కుతో సమానం అవుతుంది. ఈ ఉపాయం తెలిస్తే మార్కెట్లో మీ ఎంపికలు ఒక్కసారిగా పెరుగుతాయి. అయితే డిస్క్ బ్రేకు ఉంటేనే. రిమ్ము బ్రేకు పట్టే చోటు చక్రం సైజుతో మారిపోతుంది కదా. 24 అంగుళాల చక్రాన్ని 26 ఫోర్కులో పెట్టేవాళ్లకీ ఇదే మాట. పైగా రెండు చక్రాలూ 26 నుంచి 24కి మారిస్తే రిమ్ముల లెక్కలో బండి 26 మి.మీ. కిందికి దిగుతుంది. పెడల్స్ రాళ్లకి తగలడం మొదలవుతుంది.

మెడ దగ్గర కుదిరేవీ కుదరనివీ

ఫ్రేము మెడలోకి దూరే గొట్టం, అంటే స్టీరర్, మూడు రకాలుగా దొరుకుతుంది. 1-1/8 అంగుళాల తిన్నటిది, కింద 1.5 అంగుళాలకి లావయ్యే టేపర్డ్‌ది, మరలు ఉన్న పాత రకం. మరలున్న స్టీరర్ మామూలు సైకిళ్లకి సరే గానీ ట్రయల్స్‌కి తాకకండి. దానికి పట్టే పొడుగు కాడ స్టెమ్ము (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క), గట్టిగా లాగే ఈ ఆటలో మెడలో తిరిగిపోతుంది. టేపర్డ్ ఫోర్కు పాత సన్నని హెడ్ ట్యూబులోకి ఏ మంత్రం వేసినా దూరదు. 44 మి.మీ. లావు హెడ్ ట్యూబు ఉంటే కింద బయటికి వచ్చే కప్పు పెట్టి ఎక్కించవచ్చు. దీనికి తిరగేసినది మాత్రం ఎప్పుడూ సులువు: టేపర్డ్ ఫ్రేములో తిన్నటి స్టీరర్ పెట్టడానికి ఒక తగ్గింపు క్రౌన్ రేసు, అంటే క్రౌన్ మీద బేరింగు కింద కూర్చునే రింగు చాలు.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే స్టీరర్ పొడవు అడక్కుండా డబ్బు ఇవ్వకండి. ముందటి యజమాని తన ఫ్రేముకి సరిపోయేలా కోసి ఉంటాడు. ఉదాహరణకి హెడ్ ట్యూబు 110, హెడ్‌సెట్ (మెడ బేరింగు) కప్పులు పైవీ కిందివీ కలిపి 25, స్పేసర్లు 10, స్టెమ్ము పట్టే ఎత్తు 40. మొత్తం 185. పై మూత నొక్కుకోవడానికి 3 మి.మీ. వదిలితే 182 కావాలి. 170 ఉన్న ఫోర్కు ఎంత చవగ్గా వచ్చినా మీకు పనికిరాదు. స్టెమ్ము సగం గాలిలో పట్టుకుని ట్రయల్స్ చేయడం పళ్లు పణంగా పెట్టడమే. ఎక్కువ ఉంటే దిగులు లేదు, రంపంతో కోసుకోవచ్చు. కోసేముందు రెండుసార్లు కొలవండి, గొట్టం చుట్టూ టేపు అంటించి గీత తిన్నగా గీయండి, కోశాక లోపలా బయటా అంచుని ఆకురాయితో నున్నగా రుద్దండి. పై మూత బోల్టు పట్టుకోవడానికి లోపలికి కొట్టే స్టార్ నట్టు పై అంచుకి 15 మి.మీ. కింద కూర్చోవాలి. వంకరగా దిగితే హెడ్‌సెట్ ఎప్పటికీ సరిగా బిగవదు.

చవక ఫోర్కుల్లో స్టీరర్ ఉక్కుదై ఉంటుంది. బరువని మూతి ముడుచుకోవద్దు. ఈ ఆటకి అది మంచిదే.

ఇరుసు, కాళ్లు, వంకర

ట్రయల్స్‌లో ఫోర్కు మీద పడే దెబ్బ పైనుంచి కిందికి మాత్రమే కాదు, వెనక్కీ పక్కకీ కూడా. ముందు చక్రాన్ని అరుగు అంచుకి కొట్టి పైకి లేచే ఎత్తులో ఫోర్కు వెనక్కి వంగుతుంది. పక్కవాటంగా దిగినప్పుడు రెండు కాళ్లూ ఒకదానికొకటి మెలిపడతాయి. ఈ మెలికని ఆపేవి మూడు: లోపలి మెరిసే గొట్టాల లావు, ఇరుసు లావు, రెండు కాళ్లనీ కలిపే వంపు.

గొట్టాల లావు సంగతి సూటిగా చెప్పాలంటే 28 మి.మీ. వద్దు, 30 సర్దుబాటు, 32 సరైనది, 34–36 ఉంటే పండగే. 28 మి.మీ. గొట్టాలున్న ఫోర్కు మొదటి వారం బాగానే ఉంటుంది. ముందు బ్రేకు పట్టి చక్రం మీద గెంతిన ప్రతిసారీ గొట్టం వంగి, తాను జారే లోపలి బుషింగుని ఒకే చోట రాస్తుంది. కొన్నాళ్లకి బుషింగు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతుంది. బ్రేకు పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే టకటకమని ఆట తెలుస్తుంది. చవక రకాల్లో ఆ బుషింగు మార్చే పని ఫోర్కు ధరకి దగ్గరగా వస్తుంది కాబట్టి ఎవరూ మార్చరు.

ఇరుసులో 9 మి.మీ. క్విక్ రిలీజ్ (చేత్తో లీవరు తిప్పి బిగించేది), 15 మి.మీ., 20 మి.మీ. రకాలు ఉన్నాయి. పాత డర్ట్ జంప్ ఫోర్కుల్లో 20×110 మామూలు. బరువే కానీ మెలిక తక్కువ. 15లో మళ్లీ రెండు వెడల్పులు: 100, బూస్ట్ అనే 110. మీ హబ్బు దేనికి సరిపోతుందో చూడకుండా ఫోర్కు కొంటే తర్వాత హబ్బు, చువ్వలు, చక్రం అల్లించే కూలీ కలిసి చవక బేరం కాస్తా కొండెక్కుతుంది. కొన్ని హబ్బులకి పక్క మూతలు మార్చి 9 నుంచి 15కి, 20కి మార్చుకునే వీలుంది. ముందు అది కనుక్కోండి.

క్విక్ రిలీజ్‌తోనే సరిపెట్టుకోవాల్సి వస్తే ఒక జాగ్రత్త. డిస్క్ బ్రేకు ఎడమ కాలి వెనక ఉంటుంది, బ్రేకు పట్టినప్పుడు అది ఇరుసుని కిందికి, అంటే ఇరుసు కూర్చునే చీలిక నోటి వైపు నెడుతుంది. ఇరుసు జారకుండా పళ్లున్న ఉక్కు కొసలు, మూసి ఉన్న క్యామ్ ఉన్న లీవరు వాడండి. మూసేటప్పుడు అరచేతిలో లీవరు గుర్తు పడేంత బిగువు ఉండాలి. చీలిక చివర ఉండే చిన్న గట్లని కొందరు చక్రం త్వరగా తీయొచ్చని అరగదీస్తారు. ఆ పని మాత్రం చేయకండి.

బ్రేకు గురించి నాలుగు మాటలు. పాత ట్రయల్స్ బండికి ముందు మాగురా హైడ్రాలిక్ రిమ్ము బ్రేకు ఉంటే, సస్పెన్షన్ ఫోర్కుకి మారగానే దాన్ని వదిలేసి డిస్కుకి వెళ్లడమే మేలు. ఇలాంటి ఫోర్కుల్లో చాలావాటికి ఇప్పుడు రిమ్ము బ్రేకు బొడిపెలే ఉండవు. ఉన్నా ఆ ఒత్తిడికి కాళ్లు రెండూ విచ్చుకుంటాయి, అడ్డంగా బూస్టరు పట్టీ వేయక తప్పదు. డిస్కు మౌంటు పోస్ట్ రకమైతే 160 మి.మీ. రోటరుకి (బ్రేకు పళ్లెం) చేసిన ఫోర్కుకి 20 మి.మీ. అడాప్టరు పెట్టి 180 రోటరు వాడొచ్చు. ఫోర్కు తయారీదారు పెట్టిన రోటరు గరిష్ఠ సైజు దాటకండి. తక్కువ రకం ఫోర్కుల మీద ఆ పరిమితి నిజంగానే లెక్కపెట్టి పెట్టినది.

స్ప్రింగు, డ్యాంపరు, ఆ మీట

చవక కాయిల్ (చుట్టల స్ప్రింగు) ఫోర్కుల్లో చాలావాటికి స్ప్రింగు ఒక్క కాలిలోనే ఉంటుంది. పైన తిప్పే ప్రీలోడ్ మూత గురించి ఒక అపోహ ఉంది: బిగిస్తే ఫోర్కు గట్టిపడుతుందని. గట్టిపడదు. స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచుతుంది, కుంగడం మొదలవడానికి ఇంకొంచెం ఎక్కువ బరువు కావాలి, అంతే. మొదలయ్యాక ప్రతి మిల్లీమీటరుకీ అదే మెత్తదనం. మీ బరువు 75 కిలోలు దాటితే తక్కువ రకం కాయిల్ ఫోర్కుతో వచ్చిన స్ప్రింగు ట్రయల్స్‌కి మెత్తనే అనుకోండి. గట్టి స్ప్రింగు విడిగా దొరికే మోడలైతే సరే, లేకపోతే గాలి ఫోర్కు వైపు చూడండి.

స్ప్రింగు బదులు గాలి నింపే ఈ ఫోర్కులో గట్టిదనం మీ చేతిలో ఉంటుంది. కాలి మీద అంటించిన పట్టికలో మీ బరువుకి ఎంత రాశారో అక్కడ మొదలుపెట్టి, 10–15 పీఎస్ఐ ఎక్కువ కొట్టి చూడండి. గరిష్ఠం దాటొద్దు. ఇక్కడ సాగ్ అనే మాట వస్తుంది. మన భాషలో సాగడం అంటే పొడవవడం, ఇక్కడ మాత్రం కుంగడం. మీరు పెడల్స్ మీద నిలబడితే గొట్టం మీద రబ్బరు రింగు ఎంత జరుగుతుందో అది. అడవి దారికి 20–25 శాతం అంటారు. ట్రయల్స్‌కి 10 శాతం, మహా అయితే 15. అంటే 100 మి.మీ. ఫోర్కు 10 నుంచి 15 మి.మీ. కుంగాలి. ఆఖర్లో గట్టిపడాలంటే గాలి గదిలో ప్లాస్టిక్ గుండ్లు, అంటే వాల్యూమ్ స్పేసర్లు ఒకటో రెండో వేయాలి. ఈ పనికి షాక్ పంపు తప్పనిసరి. చక్రాలకి కొట్టే పంపుతో కొట్టలేరు, తీసేటప్పుడే సగం గాలి పోతుంది.

తర్వాతిది రీబౌండ్, అంటే తిరిగి లేచే వేగం. ఇది సర్దుకునే వీలు లేని ఫోర్కు ట్రయల్స్‌కి దండగ. డ్యాంపింగు, అంటే ఆ వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు, లేని స్ప్రింగు ఒక అడుగు ఎత్తు నుంచి దిగితే ముందు చక్రాన్ని బంతిలా ఎగరేస్తుంది, చేతుల్లో బండి నిలవదు. మరీ నెమ్మది చేసినా తప్పే. వరసగా గెంతుతుంటే ఫోర్కు లేచేలోపు మళ్లీ దెబ్బ పడి, క్రమంగా కిందికి కూరుకుపోతుంది. అరుగు దిగి చూడండి. ఒక్కసారి కుంగి, ఒక్కసారి లేచి నిలబడాలి. రెండోసారి ఊగితే ఒక్కో క్లిక్కు నెమ్మది చేయండి.

ఫోర్కు కుంగకుండా ఆపే మీట, అంటే లాకౌట్, ట్రయల్స్ వాడుకకి నిజంగా పనికొస్తుంది. అడవి దారిలో తెరిచి, గోడ దగ్గరికి రాగానే మూయొచ్చు. కానీ రెండు రకాలు ఉన్నాయి. నూనె దారిని మూసే హైడ్రాలిక్ రకం పెద్ద దెబ్బ తగిలితే కొంచెం వదులుతుంది. లోపల ఒక ముక్క అడ్డం పడే మెకానికల్ రకం వదలదు. మూసి మూడడుగుల నుంచి దిగితే ఆ ముక్కే విరుగుతుంది, తర్వాత ఫోర్కు మూసుకోదు లేదా తెరుచుకోదు. ఎస్ఆర్ సన్‌టూర్ కంపెనీ ఫోర్కుల పేర్ల చివరి అక్షరాలు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఎన్ఎల్ఓ అంటే లాకౌట్ లేదు, ఎంఎల్ఓ అంటే మెకానికల్, హెచ్ఎల్ఓ అంటే హైడ్రాలిక్, ఎల్ఓఆర్ అంటే లాకౌట్‌తో పాటు రీబౌండ్ కూడా. మనకి కావాల్సింది ఆ చివరిది.

ఏది కొనాలి

అంకెల్లో ధరలు రాస్తే నెలకే పాతబడతాయి కాబట్టి వరస మాత్రం చెబుతాను.

మన ఊళ్లలో దుకాణంలో కనిపించే మౌంటెన్ సైకిళ్లకి ఎక్కువగా ఉండేవి సన్‌టూర్ ఎక్స్‌సీటీ, ఎక్స్‌సీఎం, లేదా జూమ్ రకాలు. ఎక్స్‌సీటీ, జూమ్ లాంటి 28 మి.మీ. ఫోర్కులు రోడ్డుకీ మట్టి బాటకీ చేసినవి. బరువు రెండున్నర కిలోల దగ్గర, అంటే మంచి గట్టి ఫోర్కుకి రెండున్నర రెట్లు. ముందు చక్రం ఎత్తడమే ఆటలో ప్రాణం కాబట్టి ఆ బరువు ప్రతి ఎత్తులోనూ తెలుస్తుంది. ఎక్స్‌సీఎం బండితో పాటే వచ్చి ఉంటే సమతూకం, చిన్న గెంతులు నేర్చుకునేదాకా వాడండి. దానికోసం విడిగా డబ్బు పెట్టకండి. అడుగున్నర దాటి దిగడం మొదలుపెట్టిన రోజున దాన్ని మార్చే ఆలోచన కూడా మొదలుపెట్టండి.

కొత్తది, చవకది, ఫర్వాలేనిది అంటే 32 మి.మీ. గొట్టాల సన్‌టూర్ ఎక్స్‌సీఆర్ గాలి రకం. ఇంకో మెట్టు పైన రైడాన్, ఎపిక్సన్. వీటి బరువు రెండు కిలోల చుట్టుపక్కల. రీబౌండ్ సర్దుబాటు ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. ఇవి ట్రయల్స్‌కి చేసినవి కావు. 80కో 100కో దించి, గట్టిగా గాలి కొట్టుకుంటే అన్నింటికీ తిరిగే బండికి సరిపోతాయి. తయారీదారులు ఏ ఫోర్కు ఏ రకం వాడుకకి అని వర్గాలు పెడతారు. క్రాస్ కంట్రీ వర్గం ఫోర్కుని నాలుగడుగుల గోడ మీంచి దూకించి వారంటీ అడిగితే వాళ్లు ఇవ్వరు, అది న్యాయమే.

ఈ పనికి తగ్గట్టు పుట్టినవి డర్ట్ జంప్ ఫోర్కులు. సన్‌టూర్ డ్యూరో డీజే, మానిటూ సర్కస్, ఆర్ఎస్‌టీ డర్ట్ కాస్త అందుబాటులో ఉండే రకాలు. రాక్‌షాక్స్ పైక్ డీజే, 36 మి.మీ. గొట్టాల మార్జోకి బాంబర్ డీజే, ఫాక్స్ వాళ్లవి చూసి ఆనందించేవి. బడ్జెట్ అంటూ మొదలుపెట్టాం కాబట్టి వాటి జోలికి పోను.

నా ఓటు మాత్రం సెకండ్‌హ్యాండ్‌కే. రాక్‌షాక్స్ ఆర్గైల్, పాత మార్జోకి డర్ట్ జంపర్, 32 మి.మీ. గొట్టాల రీకాన్, రీబా, ప్రయాణాన్ని తిప్పి 95కి దించుకునే వీలున్న పాత పైక్. 26 అంగుళాల చక్రాలని జనం వదిలేస్తుండటం మన అదృష్టం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టు, అమ్మేవాడికి అది అడవే. బేరం ఆడండి. పాత మార్జోకిలో ఒక సుగుణం ఉంది. చాలా మోడళ్లలో కాలి నిండా నూనె ఉండి, అదే డ్యాంపింగూ చేస్తుంది, రాపిడినీ ఆపుతుంది. మోటారుసైకిలు ఫోర్కు విప్పిన మెకానిక్కుకి దీన్ని చూడగానే అర్థమవుతుంది. 7.5 గ్రేడు ఫోర్కు నూనె, ఆ సైజు సీళ్లు చాలు. 2015లో మార్జోకి సైకిలు విభాగాన్ని ఫాక్స్ కొనేసింది. అంతకు ముందటి ఫోర్కుల లోపలి ప్రత్యేక భాగాలు దొరకడం కష్టం కాబట్టి డ్యాంపరు కార్ట్రిడ్జి పోయినది మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పాతదాన్ని పరీక్షించడం ఇలా. మెరిసే గొట్టాన్ని గుడ్డతో తుడిచి గోరు పైనుంచి కిందికి జార్చండి. గోరు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ గాడి ఉంది, అది సీలుని కోస్తూనే ఉంటుంది. వెనక వైపు పూత రంగు మారి వెలిసినట్టుంటే బుషింగు అరిగిందని గుర్తు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగిన ఉక్కు గొట్టాల ఫోర్కు అయితే క్రోము పూత కింద తుప్పు చుక్కల కోసం వెలుతురులో వెతకండి. తర్వాత బండికి తగిలించి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ ఊపండి. ఒక వేలు సీలు దగ్గర, ఇంకో వేలు హెడ్‌సెట్ దగ్గర పెట్టండి. ఆట ఎక్కడ తగిలితే తప్పు అక్కడ. హెడ్‌సెట్‌ది అయితే బిగిస్తే పోతుంది, సీలు దగ్గరిదైతే పోదు. గట్టిగా నొక్కినప్పుడు క్రౌన్ దగ్గర కిర్రుమంటే స్టీరరో గొట్టమో అక్కడ వదులైందన్నమాట, వదిలేసి నడవండి. చివరగా గాలి కొట్టి ఒక రాత్రి ఉంచమనండి. పొద్దున్నకి బాగా తగ్గితే సీళ్లు మార్చాలి, ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

బిగించడం, తర్వాత చూసుకోవడం

క్రౌన్ రేసు 1-1/8 స్టీరర్‌కి 30 మి.మీ. రకం. ఫోర్కు అంచు మీద సన్నగా గ్రీజు రాసి, స్టీరర్ మీదికి వదులుగా దూరే నీళ్ల పైపు ముక్కని తొడిగి, చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టండి. ఒక పక్కే కొడితే వంకరగా ఇరుక్కుంటుంది. కూర్చున్నప్పుడు చప్పుడు మారుతుంది, బోలుగా ఉన్నది గట్టిగా వినిపిస్తుంది. స్టెమ్ము బోల్టులు స్టీరర్ మీద 5–6 న్యూటన్ మీటర్లు. ముందు పై మూతతో ఆట తీసి, తర్వాతే పక్క బోల్టులు.

లోపలి తడి ఆరకుండా ప్రతి 50 గంటల వాడుకకి కింది కాళ్లు విప్పాలి. బండరాళ్ల మీద తొక్కేవాళ్లకి, హైదరాబాద్ చుట్టూ గ్రానైట్ గుట్టలు ఎక్కేవాళ్లకి ఆ రాతిపొడి సీళ్ల దగ్గర గరుకు కాగితంలా పనిచేస్తుంది కాబట్టి ఇంకా ముందే. గాలి మొత్తం వదలండి. రీబౌండ్ గుబ్బ ఉంటే లాగేయండి. కాళ్ల కింద అలెన్ బోల్టులో నట్లో ఉంటాయి. వాటిని పూర్తిగా తీయకుండా మూడు నాలుగు మరలు వదులు చేసి, తల మీద రబ్బరు సుత్తితో ఒక్కటి వేయండి. లోపలి కడ్డీ వదులవుతుంది. అప్పుడు బోల్టులు తీసి కాళ్లు కిందికి లాగండి, పళ్లెం పెట్టుకోండి, నల్లటి నూనె కారుతుంది. బుషింగుల్ని పోగులు రాలని గుడ్డతో తుడవండి. స్పాంజి రింగులుంటే తీసి, కడిగి, కొత్త నూనెలో నానబెట్టండి. సీళ్ల లోపలి పెదవులకి ఫోర్కు గ్రీజు రాసి, కాళ్లు సగం ఎక్కించాక సిరంజితో కింది రంధ్రంలోంచి ఒక్కో కాలికి 5 నుంచి 10 మి.లీ. నూనె పోయండి. కచ్చితమైన కొలత మీ మోడల్ పుస్తకంలో ఉంటుంది. గ్రీజుతోనే నడిచే తక్కువ రకం సన్‌టూర్లకి ఈ నూనె అక్కర్లేదు. నలిగిన వాషర్లు కొత్తవి వేసి బోల్టులు 7 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. మెగ్నీషియం కాళ్లలో మర ఊడితే తిరిగిరాదు.

ఒక్క అలవాటు మానుకోండి. గొట్టాల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం. మెరుపు వస్తుంది, కాసేపు మెత్తగా కదులుతుంది, సీలు లోపలి గ్రీజుని కడిగేసి పోతుంది. తొక్కి వచ్చాక తడి గుడ్డతో సీలు చుట్టూ ఒకసారి తుడిస్తే చాలు.

ఇంత లెక్క వేశాక కూడా పొడవు కుదరకపోతే, లేదా మంచి 32 మి.మీ. ఫోర్కుకి డబ్బు చాలకపోతే, చవక 28 మి.మీ.దానితో రాజీ పడకండి. సస్పెన్షన్ ఫ్రేము పొడవుకి సరిపోయేలా చేసిన గట్టి ఫోర్కులు దొరుకుతాయి, 100 మి.మీ. ఫోర్కు స్థానంలో పెట్టేవి 440–450 మి.మీ. దగ్గర ఉంటాయి. దానికి 2.4 లేదా 2.5 అంగుళాల లావు టైరు వేసి, రిమ్ము నేలకి తగలనంత మేరకు గాలి తగ్గించండి. 70 కిలోల మనిషికి 22–25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, అరుగు అంచుకి కొట్టినప్పుడు రిమ్ము టంగుమంటే రెండేసి పెంచుకుంటూ పోండి.